చెల్లెలికి చెప్పని జాగ్రత్త

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరం భోజనాలకు కూర్చున్నాం. మా మనవడి భార్యకు అయిదో నెల. పప్పు కలుపుకుంటుండగానే ఆ అమ్మాయి ఫోనులోకి రక్తపరీక్ష ఫలితం వచ్చింది. రక్తం తక్కువగా ఉందని మా మనవడు పైకి చదివాడు, అందరూ తలా ఒక సలహా ఇచ్చారు. చివరికి ఆ పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుంటూ, ఇనుము మాత్రలు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ దొడ్డికి తారులాగా నల్లగా అవుతోందనీ, మొదటిరోజు హడలిపోయి డాక్టరమ్మకు ఫోను చేస్తే అది మామూలేనని చెప్పిందనీ, ఏ బెరుకూ లేకుండా అనేసింది. పెద్దాయన తింటుంటే అవేం మాటలని మా కోడలు కసిరింది. నేను చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళి వసారాలో కూర్చున్నాను. అసహ్యం వేసి లేచానని వాళ్ళనుకున్నారు. సాయంత్రం ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, సారీ తాతయ్యగారూ, అని కూడా అంది. అది కాదమ్మా, అని చెప్పబోతే నాకు గొంతు పెగల్లేదు. ఎనభై ఏడేళ్ళొచ్చాయి, ఇంకా పెగలడం లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నా ఈడువాళ్ళెవరైనా చదివితే, ఇంట్లో ఆడపిల్లతో కొన్ని మాటలు అనలేకపోవడమంటే ఏమిటో వాళ్ళకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేను కంపౌండరుగా పనిచేశాను. ఇప్పుడా మాటే వినపడటం లేదు గాని, మా రోజుల్లో డాక్టరు తర్వాత డాక్టరంతటివాడు కంపౌండరు. కొందరు ముసలివాళ్ళకైతే డాక్టరుకంటే కూడా వాడే ఎక్కువ, ఎందుకంటే మందు కలిపి చేతికిచ్చేది వాడే గదా. జగ్గయ్యపేటలో ఎస్సెల్సీ రెండుసార్లు తప్పి, మూడోసారికి మా నాన్నకు ఓపిక చచ్చిపోయాక, నందిగామలో బస్సులు ఆగే చోటుకు దగ్గర్లో ఉన్న ఒక డాక్టరుగారి దగ్గర నన్ను కుదిర్చారు. లెక్కలు రాని నాకు ఔన్సులూ డ్రాములూ మాత్రం ఇట్టే పట్టుబడ్డాయి. తెల్లకోటు తొడుక్కుని, రోగులు ఇంటినుంచి తెచ్చుకున్న సీసాల్లో మందు పోసి, కాగితాన్ని అంచులు కత్తిరించి మోతాదుల గీతలుగా అంటించి ఇస్తుంటే, చదువు అబ్బలేదన్న బాధ ఏడాదిలో పూర్తిగా పోయింది. తలపొగరు కూడా కొంచెం వచ్చింది, దాచుకోను.

మా డాక్టరుగారి దగ్గరికి కడుపుతో ఉన్నవాళ్ళు చాలామంది వచ్చేవారు. వీరులపాడు వైపు నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారు. ఆయన వాళ్ళ కంటి కింది రెప్ప బొటనవేలితో కిందికి లాగి చూసి, లోపల ఎర్రగా లేకపోతే ఒక చీటీ రాసి నా వైపు తోసేవారు. అది ఇనుము మందు. ముదురు ఎరుపుగా, తుప్పు వాసనతో ఉండేది. ఇస్తూ చెప్పాల్సిన జాగ్రత్తలు ఆయన నాకు పాఠంలాగా నేర్పారు. అన్నం తిన్నాక తాగాలి, తాగి నోరు పుక్కిలించాలి, లేకపోతే పళ్ళు నల్లబడతాయి. అన్నిటికంటే ముఖ్యంగా చివరిది చెప్పకుండా ఏ మనిషినీ పంపొద్దన్నారు. "అమ్మా, దొడ్డికి నల్లగా అవుద్ది, భయపడమాకండి, అది మందు గుణం, అంతే." రోజుకు ఇరవైసార్లు అనేవాణ్ణి. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళకు, వాళ్ళ అత్తలకు, మొగుళ్ళకు, గదిలో పదిమంది వింటుండగా గొంతెత్తి చెప్పేవాణ్ణి. ఒక ముసలమ్మ నవ్వి, మీసాలు సరిగా రాని పిల్లాడికి ఎన్ని సంగతులు తెలుసే అని కోడలితో అంటే, నేను సిగ్గుపడను కూడా లేదు. తెల్లకోటు ఉంది గదా.

మా చెల్లెలు నాకంటే మూడేళ్ళు చిన్నది. పాల గిన్నెలో మీగడ కోసం మేమిద్దరం కొట్టుకోని రోజు లేదు. పెద్ద వాగుడుకాయ, పొద్దున లేచిన దగ్గర్నుంచీ నిద్రపోయేదాకా ఇల్లంతా దాని మాటలే. దాన్ని వత్సవాయి ఇచ్చాం. పదిహేడో ఏట కడుపుతో ఉంది, ఏడో నెలలో పురిటికని పుట్టింటికి తీసుకొచ్చారు. నేను ఆదివారాలు నందిగామ నుంచి జగ్గయ్యపేట బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి. నేను గడప తొక్కగానే అది లేచి తలుపు చాటుకు వెళ్ళిపోయేది. తప్పు పట్టడానికేం లేదు, అప్పటి మర్యాద అది, కడుపుతో ఉన్న పిల్ల తండ్రి ముందూ అన్న ముందూ తిరిగేది కాదు. తలుపు సందులోంచి చీర అంచూ, కాలి మట్టెలూ మాత్రం కనిపించేవి. ఒకటి రెండు మాటలు అడిగితే అక్కణ్ణుంచే చెప్పేది. మీగడ కోసం నన్ను రక్కిన పిల్లేనా ఇది అనిపించి నాకు నవ్వొచ్చేది.

ఇక దాని తిండి సంగతి. సాగర్ కాలవ ఇంకా రాని కాలం, మా మెట్ట ఊళ్ళలో జొన్నన్నమే అన్నం. వరి అన్నం పండక్కీ, అల్లుడు వచ్చినప్పుడూ. పురిటికొచ్చిన పిల్లకు జొన్నన్నం పెడితే నలుగురిలో తలవంపులని మా నాన్న పల్లపు ఊళ్ళ నుంచి తెల్లగా మిల్లు పట్టిన బియ్యం బస్తా తెప్పించాడు. మా అమ్మ వాటిని మూడు నీళ్ళు కడిగి, గంజి వార్చి, ఆ గంజి గేదె కుడితిలో పోసి, మల్లెమొగ్గల్లాంటి అన్నం దానికి పెట్టేది. అందులోకి చారు, ఒకటి రెండు వేపుడు ముక్కలు, మజ్జిగ. గోంగూర వేడి, మునగాకు వేడి, నువ్వులూ బెల్లం అయితే కడుపు నిలవనే నిలవదు, మాంసం అరగదు. పైగా కడుపునిండా తింటే లోపల బిడ్డకు చోటుండదని, బిడ్డ బాగా పెరిగితే కాన్పు కష్టమని, రెండో ముద్దకే మా అమ్మే ఇక చాల్లే అనేది. మా అమ్మకు కూతురి మీద ప్రేమ లేక కాదు. తన తల్లి తనకు చేసినట్టే ఇంకా శ్రద్ధగా చేసింది. మా మిరప చేలో కూలికొచ్చే ఒక మనిషికి కూడా అప్పుడు అవే నెలలు. ఆమె గట్టు మీద కూర్చుని జొన్న సంకటిలో గోంగూర పచ్చడి నంజుకు తినేది. అది చూసి మా అమ్మ పాపం అని జాలిపడేది.

ఎనిమిదో నెల వచ్చేసరికి మా చెల్లెలు తెల్లబడింది. చామనచాయ పిల్ల, నిమ్మపండు రంగుకొచ్చింది. కాళ్ళూ మొహమూ నిండుగా అయ్యాయి. చూడవచ్చిన వీధి ఆడవాళ్ళందరూ మా అమ్మను మెచ్చుకున్నారు, పుట్టింటి నీళ్ళు పడ్డాయి, పిల్ల ఒళ్ళు చేసింది, రంగొచ్చింది, ఇదంతా నీ చేతి చలవే అని. మా అమ్మ మురిసిపోయి దిష్టి తీసేది. ఆ మాటలు విని నేనూ మురిసిపోయాను. నీరు పట్టిన కాళ్ళను చూసి ఒళ్ళు చేసిందనుకున్నాం, రక్తం లేని మొహాన్ని చూసి రంగొచ్చిందనుకున్నాం. రోజూ ఇలాంటివాళ్ళను పాతికమందిని చూసే ఆసుపత్రిలో పనిచేస్తూ నేనూ అలాగే అనుకున్నానంటే, ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే అదే.

నాకు అనుమానం వచ్చింది వేరే దాని వల్ల. ఒక ఆదివారం పెరట్లోకి వెళ్తుంటే, అది నన్ను చూడకుండా దొడ్డిగోడ పెళ్ళ విరిచి నోట్లో వేసుకుంటోంది. మా అమ్మను అడిగితే, కడుపుతో ఉన్నవాళ్ళకు మట్టి తినబుద్ధి అవటం మామూలే, మీ నాయనమ్మ కూడా తినేదని తేలిగ్గా తీసేసింది. కాని మట్టి తినేవాళ్ళను చూస్తే మా డాక్టరుగారు ముందుగా కంటిరెప్ప లాగి చూస్తారని నాకు తెలుసు. మర్నాడు ఆయనకు చెప్పాను. తీసుకురాకూడదూ, చూస్తాను, అన్నారు. ఎనిమిదో నెలలో బస్సు ప్రయాణమా అని మా నాన్న ఒప్పుకోలేదు. సరే మందన్నా తీసుకెళ్ళు, తిండి మార్పించు, అన్నారాయన. నేనే శుభ్రంగా సీసా కడిగి, నా చేతులతో కలిపి, గీతలు ఎప్పటికంటే నీటుగా కత్తిరించి అంటించి, ఆదివారం తువ్వాలులో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చాను.

ఇంటికి చేరేసరికి మా నాన్న అన్నం తింటున్నాడు. మా అమ్మ వడ్డిస్తోంది. చెల్లెలు వంటింటి తలుపు చాటున ఉంది, మట్టెలు కనిపిస్తున్నాయి. సీసా గూట్లో పెట్టి, ఇది చెల్లాయికి, రెండు పూటలా అన్నం తిన్నాక ఒక్కో గీత, తాగాక నోరు పుక్కిలించాలి, ఆకుకూరలు పెట్టమన్నారు డాక్టరుగారు, అన్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గాని, మా అమ్మ నా మందును మాత్రం కళ్ళకద్దుకుని తీసుకుంది. ఆకుకూర మాట వినీ విననట్టు ఊరుకుంది.

"ఇంకేమన్నా చెప్పాడా డాక్టరు?" అని అడిగింది.

ఇదీ ఆ క్షణం. ఇంకేమన్నా చెప్పాడా అని మా అమ్మ నోరు తెరిచి అడిగింది. ముందురోజు దాకా రోజుకు ఇరవైమందికి చెప్పిన మాట, నిద్రలో లేపినా తడబడకుండా చెప్పగల మాట. మా నాన్న ముద్ద కలుపుతున్నాడు. తలుపు చాటున నా చెల్లెలు వింటోంది. తెల్లకోటు నందిగామలో మేకుకు వేలాడుతోంది. అన్నం దగ్గర, తండ్రి ముందు, కడుపుతో ఉన్న చెల్లెలి గురించి ఆ మాట ఎట్లా అనను? మా అమ్మను పక్కకు పిలిచి చెప్పొచ్చు. పెరట్లోకి వెళ్ళినప్పుడు చెప్పొచ్చు. ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు నాకు చెవులు వేడెక్కాయి.

"ఇంకేం లేదమ్మా," అన్నాను.

సాయంత్రం బస్సెక్కేటప్పుడు, వచ్చే ఆదివారం అమ్మకు చాటుగా చెబుదాంలే అనుకున్నాను. ఆ ఆదివారం ఆసుపత్రిలో కలరా సూదుల గొడవ వచ్చి నాకు సెలవు దొరకలేదు. ఆ పై ఆదివారం వెళ్ళేసరికి గూట్లో సీసా లేదు. కడిగి ఆముదం పోసి వంటింట్లో పెట్టారు, నేను అంటించిన గీతల కాగితం సగం ఊడి ఇంకా దానికే ఉంది. మందేదమ్మా అంటే, "పడలేదురా, మాన్పించా," అంది మా అమ్మ. ఏం పడలేదంటే, "ఆడాళ్ళ సంగతి, నీకెందుకు," అని మొహం తిప్పుకుంది. ఆ మందుకు కొందరికి వాంతులవుతాయి, అదే కాబోలనుకున్నాను. డోసు తగ్గించి మళ్ళీ తెద్దామనుకున్నాను. ఆవిడ కొడుకుతో అనలేకపోయింది, నేను తల్లిని గుచ్చి అడగలేకపోయాను. ఇద్దరం ఎంతో మర్యాదగా ఊరుకున్నాం. అప్పటికి అది ఇంట్లో నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడి ఆయాసపడుతోంది. నెలలు నిండుతున్నాయి గదా అన్నారు అందరూ.

తగ్గించిన మందు నేను తీసుకెళ్ళనే లేదు. ఆ గురువారం పొద్దున మా ఇంటి పాలేరు మొదటి బస్సుకు నందిగామ వచ్చి ఆసుపత్రి అరుగు మీద కూలబడ్డాడు. తెల్లవారకముందే నొప్పులొచ్చాయనీ, నెల తక్కువ బిడ్డనీ, మంత్రసాని చేతులెత్తేసిందనీ చెప్పాడు. మా డాక్టరుగారు చేస్తున్న పని ఆపి, తన కారులో నన్నెక్కించుకుని బయల్దేరారు. మేం వెళ్ళేసరికి బిడ్డ పోయింది, ఆడపిల్ల, పిడికెడంత ఉంది. మా చెల్లెలికి స్పృహ ఉంది. పోయిన రక్తం పెద్ద ఎక్కువేమీ కాదు, మామూలు మనిషైతే తట్టుకునేదేనని తర్వాత డాక్టరుగారన్నారు. దాని ఒంట్లో పోవడానికి రక్తమే లేదు. నా రక్తం తీసి పెట్టండి అన్నాను. అది బెజవాడ పెద్దాసుపత్రిలో జరగాల్సిన పని, కారులో ఎక్కిస్తే దారిలోనే పోతుంది, అన్నారాయన. అయినా ఎక్కిద్దామని మంచం ఎత్తబోతుంటే అది కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఇన్నాళ్ళకు నా ఎదుట పడింది, చాటుకు పోవడానికి ఓపిక లేదు. "అన్నయ్యా, చలేస్తందిరా," అంది. మండువేసవి. మా అమ్మ రెండు దుప్పట్లు కప్పింది. కారుదాకా కూడా తీసుకెళ్ళలేకపోయాం.

డాక్టరుగారు దాని కంటిరెప్ప ఒకసారి కిందికి లాగి నాకు చూపించారు. కాగితంలా తెల్లగా ఉంది. "ఇంతకాలం నువ్వొక్కసారి చూళ్ళేదుటయ్యా," అన్నారు, కోపంగా కూడా కాదు. చూళ్ళేదండి. ఊళ్ళో ఆడవాళ్ళందరి కళ్ళూ చూసినవాణ్ణి, నా చెల్లెలి మొహం నేరుగా చూసి మూడు నెలలయింది.

పదోరోజు కర్మ అయ్యాక, చుట్టాలు సర్దుకుని వెళ్తుండగా, మా అమ్మ నా పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. అప్పటికి దుఃఖం సిగ్గును దాటేసింది కాబోలు, అప్పుడు చెప్పింది. ఆ మందు తాగిన మూడోరోజుకే పిల్లకు బొగ్గులా నల్లగా పోయిందట. లోపల కడుపు మాడిపోతోందని తల్లీ కూతుళ్ళు భయపడి ఏడ్చుకున్నారట. ఆ పూటే మాన్పించిందట. మాన్పించినా అప్పటికే లోపలంతా కాలిపోయింది, అందుకే నా బిడ్డ దక్కలేదు, అంది. మా అమ్మ నా తల నిమిరి అన్నది, "నీ తప్పేం లేదులేరా. మంచి చేద్దామనే తెచ్చావు."

నేను ఏం చెప్పాలి? మందు చంపలేదమ్మా, మందు మానడం చంపింది అని చెప్పాలా? మాన్పించిన చేతులు నా తల మీదే ఉన్నాయి. చెబితే ఆవిడ ఆ పూటే నూతిలో పడుతుందని నాకు భయం వేసింది. ఆ భయం నిజమే. కాని నోరు మూసుకోవడంలో నాకొక సుఖం కూడా ఉంది, చెప్పాల్సింది చెప్పనివాణ్ణి నేనేనని ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత అది దాచి ఏం ప్రయోజనం? అప్పట్నుంచీ ఏటేటా చెల్లెలి తద్దినం నాడు మా అమ్మ ఆ మాటే అనేది, నీ తప్పేం లేదులేరా అని. నేను తల వంచుకుని క్షమాపణ పుచ్చుకునేవాణ్ణి. మా వీధిలో ఎవరు కడుపుతో ఉన్నా వెళ్ళి, ఎర్ర మందు మాత్రం తాగొద్దని చెప్పి వచ్చేది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాటను ఎవరు కాదంటారు? వాళ్ళలో ఎవరికేమయిందో నేను విచారించలేదు. నాకు ధైర్యం లేకపోయింది.

నా భార్య కడుపుతో ఉన్నప్పుడు నందిగామలోనే ఉంచుకుని, మొదటిరోజే ఎదురుగా కూర్చోబెట్టి అన్నీ చెప్పి, మందు తాగించాను. ఆమె సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంటే వినేదాకా వదల్లేదు. అది మాత్రం ఒక్కటి చేశాను.

చెల్లెలు పోయిన పదేళ్ళకు, మా అమ్మకు యాభై దాటుతుండగా, నీరసం పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం. నందిగామ తీసుకొచ్చాను. మా డాక్టరుగారు రెప్ప లాగి చూసి మాత్రలు రాశారు. సీసాలూ గీతలూ పోయి మాత్రలు వచ్చిన రోజులవి. ఏం మాత్రలురా అని అడిగింది. ఇనుము మాత్రలని, ఆ ఎర్ర మందే ఇప్పుడిలా వస్తోందని చెప్పగానే చేతిలోంచి కింద పెట్టేసి, నా కూతుర్ని మింగింది చాల్లేదా అంది. నేను నచ్చజెప్పాను, బతిమిలాడాను, విసుక్కున్నాను. బయట జనం ఎదురుచూస్తున్నారు. ఒంటి మీద తెల్లకోటు ఉంది. పన్నెండేళ్ళుగా అలవాటైన నోరు, ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకోకుండా, ఎవరితోనైనా అన్నట్టే గడగడా అనేసింది.

"దొడ్డికి నల్లగా అవుద్ది, భయపడమాకమ్మా, అది మందు గుణం, అంతే."

అన్నాక విన్నాను నేనేమన్నానో. మా అమ్మ నా మొహం వంక చూసింది.

"అందరికీ అవుద్దా?" అంది.

"అందరికీనమ్మా."

బల్ల మీదున్న మాత్రను వేలితో అటూ ఇటూ జరిపింది.

"అయితే మాన్పించింది నేనేగా," అంది.

నన్ను అడగలేదు, తనకు తానే చెప్పుకుంది. నేను మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాను. మాత్ర నోట్లో వేసుకుని మింగింది. ఆ రోజు నుంచి ఒక్క పూట కూడా మానకుండా, గుర్తు చేయకుండానే వేసుకుంది. మూడు నెలల్లో ఒంటికి రంగొచ్చింది, ఈసారి నిజమైన రంగే. వీధిలో ఎవరికీ ఏ మందూ వద్దని చెప్పడం మానేసింది. అసలు ఎవరింటికీ వెళ్ళడమే మానేసింది.

కాలం మారింది. ఇప్పుడు ఊరూరా ఆ మాత్రలు ఊరికే ఇస్తున్నారు, బడిపిల్లల చేత కూడా మింగిస్తున్నారట. గోంగూర వేడని ఎవరైనా అంటే పిల్లలే నవ్వుతున్నారు. ఈ కాలం ఆడపిల్లలకు సిగ్గు లేదని నా ఈడువాళ్ళు సాయంత్రం అరుగు మీద వాపోతుంటే నేను తల ఊపను, కాదని వాదించను కూడా. మా కాలంలో ఇంటినిండా మనుషులుండేవాళ్ళు, ఒకరంటే ఒకరికి ప్రాణం, మాటలు మాత్రం తూచి వాడుకునేవాళ్ళం. దాన్ని మర్యాద అనుకున్నాం. దాని ఖరీదు నాకు తెలుసు.

మా అమ్మ ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికింది. ఏటేటా చెల్లెలి తద్దినం వచ్చేది, ఇద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్ళం, నీ తప్పేం లేదులేరా అన్న మాట మళ్ళీ ఆవిడ నోట రాలేదు. ఆ మాట నేను ఆవిడతో అనాల్సింది. పద్నాలుగు తద్దినాలు ఆవిడ అందుకోసమే నా మొహం వంక చూసింది. నీ తప్పేం లేదమ్మా, చెప్పనివాణ్ణి నేను, అని ఒక్క ముక్క. ప్రతి ఏడూ, వచ్చే ఏడు చెబుదాంలే అనుకున్నాను.